అంగిట్లో మంట, నింద పంటి మీద: ఒక కేస్ స్టడీ

పత్తి ఏరుడు జోరుగా సాగుతున్న నవంబరు నెల, మంగళవారం పొద్దున. యాభై ఎనిమిదేళ్ల ఆవిడ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని మా క్లినిక్‌కి వచ్చింది. వెంట కొడుకు. మునుగోడు దాటాక లోపలికి వెళ్లే ఒక ఊరు వాళ్లది. ఆ ఊరి పేరు, ఆమె పేరు ఇక్కడ రాయను. మిగతాదంతా ఆమెకు చెప్పి, సరే అన్నాకే రాస్తున్నాను.

"ఏమైందమ్మా?" అంటే కొంగు తీయకుండానే చెప్పింది. "అంగిట్ల నిప్పు కణిక పెట్టినట్టుంది సారూ. మూడొద్దులాయె, బుక్క మింగుడు పడ్తలేదు."

శనివారం అంగడికి పోయి వేడివేడి మిరపకాయ బజ్జీ తిన్నదట. ఆ రాత్రే మంట మొదలైంది. బజ్జీతో కాలిందనుకుని ఆదివారం మజ్జిగ తాగి ఊరుకుంది. సోమవారానికి నొప్పి ఎడమ పై పళ్లలోకి పాకింది. చెంప కూడా లాగుతోంది. రాత్రి నిద్ర లేదు. ఊళ్లో ఆర్‌ఎంపీ నొప్పి గోలీ, యాంటీబయాటిక్ ఇచ్చాడు. గోలీ వేసుకున్న రెండు గంటలు కాస్త నయం, తర్వాత మళ్లీ మామూలే. షుగర్ తొమ్మిదేళ్లుగా ఉంది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. "పత్తి పనిల పడి ఒకపూట ఏసుకునేది, ఒకపూట మరిసేది" అని కొడుకు అందించాడు.

నోరు తెరిపించి చూశాను. నల్లగొండలో పళ్ల డాక్టరుగా పదహారేళ్లు పనిచేస్తున్నాను కాబట్టి ఒక విషయం చెప్పొచ్చు. చండూరు, మునుగోడు, మర్రిగూడ వైపు నుంచి వచ్చిన పెద్ద వయసువాళ్లు నోరు తెరిస్తే, జబ్బు కన్నా ముందు అక్కడి బోరు, బావి నీళ్లలోని ఫ్లోరైడ్ కనిపిస్తుంది. పసుపు, గోధుమ రంగు చారలు, పంటి మీద సూదితో పొడిచినట్టు గుంటలు. చిన్నప్పుడు పన్ను తయారయ్యేటప్పుడు పడిన మరక అది, బతికినంత కాలం ఉంటుంది. ఇప్పుడు ఊళ్లకు కృష్ణా నీళ్లు వస్తున్నాయి, పిల్లల పళ్లు మారుతున్నాయి. అమ్మల, అమ్మమ్మల పళ్లు మారవు కదా. ఆ గుంటల మధ్య అసలు పుచ్చు ఏదో, మరక ఏదో పోల్చుకోవడం మాకు రోజూ ఉండే తలనొప్పే.

ఎడమ పైన రెండో చిన్న దవడ పంటికి గుంట కాస్త లోతుగా ఉంది. సన్నటి మొన ఉన్న ప్రోబ్ పెడితే అతుక్కుంది. పుచ్చే. తట్టి చూస్తే ఆ పన్ను నొప్పన్నది. పక్కదీ నొప్పన్నది. వెనకది కూడా. ఎక్స్‌రేలో పుచ్చు నరానికి దగ్గరగా ఉంది కానీ తాకలేదు, వేరు చివర ఏ మచ్చా లేదు. ఐసు పుల్ల పెట్టి చూశాను. మూడు పళ్లూ జిల్లుమన్నాయి. పుల్ల తీశాక నాలుగైదు సెకన్లలో మూడూ మామూలైపోయాయి. అంగిలి ఎడమ వైపు కొంచెం ఎర్రగా ఉంది. బజ్జీ కథ విన్నాను కాబట్టి దాన్ని బజ్జీ ఖాతాలో వేశాను.

నేను ఆగాల్సింది అక్కడే. నరం పాడైన పన్నయితే ఐసు తీసేశాక కూడా అర నిమిషం, నిమిషం సలుపుతూనే ఉంటుంది. మూడు పళ్లూ ఒకేలా, ఆరోగ్యంగా జవాబిచ్చాయి. మరి నొప్పి ఎక్కడిది? ఆ ప్రశ్న నన్ను నేను వేసుకోలేదు. ఎదురుగా నొప్పితో ఏడుస్తున్న మనిషి, పక్కన "తీసుడో పీకుడో ఏదో ఒకటి చేయుండ్రి సార్, పత్తి ఏరే కూలోళ్లు ఎదురు చూస్తున్నరు" అంటున్న కొడుకు, నోట్లో కళ్లకు కనిపిస్తున్న ఒక పుచ్చు పన్ను. రూట్ కెనాల్ మొదలుపెట్టాను.

మత్తు ఇంజెక్షన్ చెంప వైపు ఒకటి, అంగిలి వైపు ఒకటి ఇచ్చాను. అంగిలికి సూది అంటే ఎందుకంత ప్రాణం పోతుందో చాలామంది అడుగుతారు. అక్కడ చర్మం కింద మెత్తటి జాగా ఉండదు, ఎముకకు అంటుకుని ఉంటుంది. మందు దిగడానికి చోటు లేక చీల్చుకుంటూ వెళ్తుంది. అంగిట్లో చిన్న వాపు వచ్చినా నొప్పి అంత తీవ్రంగా ఉండడానికి కారణం కూడా అదే. ఆమె కుర్చీ చేతులు గట్టిగా పట్టుకుంది. రెండు నిమిషాలకు ముఖం తేటబడింది. "పోయింది సారూ, ఇగ సల్లగున్నది" అంది. నాకూ హాయిగా అనిపించింది. చూశారా, పన్నే అనుకున్నాను.

పన్ను తెరిచాక నరం ఎర్రగా, గట్టిగా, ఆరోగ్యంగా కనిపించింది. దూది ఉండ పెడితే రెండు నిమిషాల్లో రక్తం ఆగింది. వాచిపోయిన నరం అలా ఉండదు, రక్తం ముదురుగా వస్తూనే ఉంటుంది. లోపల ఏదో తేడాగా అనిపించింది. కానీ తెరిచిన పంటిని మూసి "అమ్మా, పొరపాటైంది" అనడం అంత తేలిక కాదు. నరం తీసి, శుభ్రం చేసి, తాత్కాలికంగా మూసి పంపించాను.

*

శుక్రవారం పొద్దున ఇంకా షట్టరు పూర్తిగా ఎత్తలేదు, కొడుకు బండి ఆగింది. దిగుతూనే, "మీరు చెయ్యేసినాకనే ఇట్లయింది సార్" అన్నాడు. కోపం కన్నా భయం ఎక్కువుంది గొంతులో.

వెనక ఆమె. ఈసారి నోటికి కొంగు లేదు. ఎడమ చెంప మీద, ముక్కు పక్క నుంచి పై పెదవి దాకా, జాజుతో, అంటే ఎర్రమట్టితో, గీసిన బొమ్మ ఉంది. ఎర్రగా ఎండిపోయి, అంచుల్లో పెచ్చులు లేస్తోంది.

"ఏంటమ్మా ఇది?"

"అక్కి సారూ. నిన్న పొద్దుగూకే యాళ్లకు కుమ్మరాయనతోని రాయించుకున్న. సింహం బొమ్మ."

అక్కి వస్తే కుమ్మరితో దాని మీద జాజు బొమ్మ రాయించుకోవడం ఊళ్లలో అలవాటు. నా కంటికది పిల్లిలా ఉంది, అది వేరే సంగతి. ఆ జాజు చూడగానే నా గుండె జారింది. నాకు మూడు రోజుల కింద తట్టని రోగం పేరు ఆమె చెంప మీద రాసుకుని వచ్చింది. గురువారం పొద్దున చెంప మీద పొక్కులు చూసి, పక్కింటి ముసలామె "గిది అక్కే" అని తేల్చేసిందట. డిగ్రీ లేదు, ఎక్స్‌రే లేదు. జీవితంలో నాలుగైదు అక్కిలు చూసిన కన్ను, అంతే.

నోరు తెరిపించాను. అంగిలి ఎడమ సగం, ముందు పళ్ల వెనక ముడతల నుంచి కొండనాలుక దగ్గరి మెత్తటి భాగం మొదలయ్యేదాకా, పుళ్లతో నిండి ఉంది. ఆవగింజంత నుంచి జొన్నగింజంత. కొన్ని కలిసిపోయి పెద్దవయ్యాయి. మీద పసుప్పచ్చ పొర, చుట్టూ ఎర్రటి అంచు. రెండు మూడు చోట్ల ఇంకా పగలని నీటి పొక్కులు. అంగిలి మధ్యలో ముందు నుంచి వెనక్కి ఒక సన్నటి గీత ఉంటుంది, మీరు నాలుకతో తడిమితే తెలుస్తుంది. పుళ్లన్నీ ఆ గీత దాకా వచ్చి ఆగిపోయాయి. గీతకు కుడి పక్క ఒక్క పొక్కు లేదు, గులాబి రంగులో నున్నగా ఉంది. రెండు చేన్ల మధ్య గెట్టు వేసినట్టు.

ఇంజెక్షన్ వల్ల కావచ్చా అని నిజాయితీగా ఆలోచించాను, ఎందుకంటే కొడుకు అడుగుతున్నది అదే. అంగిలికి ఇచ్చిన సూది వల్ల ఒక్కోసారి రక్తం అందక పుండు పడుతుంది. అది సూది గుచ్చిన చోట ఒకే ఒక్క పుండు. పన్ను కడగడానికి వాడే మందు బయటికి లీకైతే కూడా కాలుతుంది. కానీ కాలిన ఆ క్షణమే మనిషి ఎగిరిపడతాడు, వెంటనే వాస్తుంది. పైగా ఆ రోజు మందు నోట్లోకి జారకుండా పంటి చుట్టూ రబ్బరు షీటు వేసే చేశాను. పళ్ల పని తర్వాత, పెదవి మీద జ్వరపు పొక్కులు వేసే మామూలు హెర్పిస్ కూడా అంగిట్లో తిరగబెట్టొచ్చు. అదైతే చిన్న గుంపు, సాధారణంగా ఇంత నొప్పి ఉండదు, చెంప మీదికి రాదు. ఇక్కడ అంగిలి సగం, పై చిగురు సగం, చెంప, ముక్కు పక్క, పై పెదవి, అన్నీ ఎడమే, అన్నీ ఒకే నరం కింద ఉన్నవే.

కొడుక్కి అర్థమయ్యేలా చెప్పడానికి నాకు దొరికింది వాళ్ల బోరే. "మీ బోరు ఏ ట్రాన్స్‌ఫార్మర్ కింద ఉంది? దాని కింద ఇంకెన్ని మోటర్లున్నయి?" అన్నాను. ఎనిమిది అన్నాడు. "ఎనిమిది మోటర్లూ ఒక్కసారే ఇబ్బంది పెడితే మోటరు విప్పుతవా, ట్రాన్స్‌ఫార్మర్ దగ్గరికి పోతవా? మంగళవారం మీ అమ్మకు మూడు పళ్లు, అంగిలి, చెంప అన్నీ ఒకేసారి నొచ్చినయి. నేను మోటరు విప్పిన." కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "అంటే ఆ పన్ను బాగనే ఉండెనా సార్?" అన్నాడు. పుచ్చు ఉంది, ఎప్పటికైనా పని పడేది, కానీ ఈ నొప్పి దానిది కాదు అని ఒప్పుకున్నాను. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని మనవాళ్లు ఊరికే అనలేదు. ఆ పంటికి తీసుకున్న డబ్బులు వెనక్కిచ్చాను, మిగతా పని ఉచితంగా చేస్తానన్నాను.

*

అక్కి (ఇంగ్లీషులో షింగిల్స్) అంటే ఏంటో నాలుగు మాటల్లో. చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు వచ్చిన వైరస్ పూర్తిగా పోదు. నరాల మొదళ్లలో ఏళ్ల తరబడి పడుకుని ఉంటుంది. వయసు మీదపడి, షుగర్ అదుపు తప్పి, లేదా రోగనిరోధక శక్తిని తగ్గించే మందుల వల్ల ఒళ్లు బలహీనపడ్డప్పుడు లేస్తుంది. లేచి, తానున్న నరం వెంటే బయటికి నడుస్తుంది. నడుము మీద వస్తే అందరూ గుర్తుపడతారు. ముఖానికి, నోటికి స్పర్శ ఇచ్చే నరం చెవికి ముందు పుర్రె లోపల నుంచి మూడు కొమ్మలుగా చీలుతుంది. నడిమి కొమ్మ కింది కనురెప్ప, చెంప, ముక్కు పక్క, పై పెదవి, పై పళ్లు, పై చిగురు, అంగిలి, వీటన్నింటికీ పోతుంది. కుడి వైపుకు ఒక నరం, ఎడమ వైపుకు ఒక నరం. అందుకే ఆ గీత దగ్గర ఆగడం.

పళ్ల డాక్టర్లను బోల్తా కొట్టించేది దాని వరుస. వైరస్ ముందు నరాన్ని కాలుస్తుంది, ఆ తర్వాతే పైకి వచ్చి పొక్కు వేస్తుంది. ఈ రెండింటి మధ్య రెండు మూడు రోజులు, ఒక్కోసారి వారం దాకా గ్యాప్ ఉంటుంది. ఆ గ్యాప్‌లో నోట్లో ఏమీ కనిపించదు, నొప్పి మాత్రం భరించలేనంత ఉంటుంది. ఆ మనిషి నేరుగా మా దగ్గరికే వస్తాడు. నేను ఇచ్చిన మత్తు ఇంజెక్షన్ ఆ నరం కొసల్నే మొద్దుబార్చింది కాబట్టి నొప్పి పోయింది. దాన్ని నేను పంటికి సాక్ష్యంగా తీసుకున్నాను. మత్తు ఇస్తే నొప్పి పోయిందంటే నొప్పి ఆ దారిలో ఉందని మాత్రమే అర్థం, ఆ పంటిలో ఉందని కాదు. కాలేజీలో చదివిందే ఇది. కుర్చీలో మనిషి ఏడుస్తుంటే గుర్తురాలేదు.

ముందు ముక్కు కొన చూశాను. అక్కడ పొక్కు ఉంటే కంటికి ముప్పు ఉండొచ్చు, ఎందుకంటే ముక్కు కొన పై కొమ్మ కిందిది, కన్నూ దానిదే. కొన శుభ్రంగా ఉంది. అయినా కింది రెప్ప దగ్గర ఎరుపు ఉందని అదే రోజు కంటి డాక్టరుకు చూపించమన్నాను. కన్ను బాగుందని చీటీ వచ్చింది. తెలిసిన ఫిజీషియన్‌కు ఫోన్ చేసి ఇద్దరం కలిసే మందు రాశాం. షుగర్ ఆ పూట 286. మూడు నెలల షుగర్ సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 9.4 శాతం. క్రియాటినిన్ 0.9, అంటే కిడ్నీలు బాగానే ఉన్నాయి, మందు పూర్తి డోసులో ఇవ్వొచ్చు. ఆమెను అడిగి, ఒప్పుకున్నాక, హెచ్ఐవి పరీక్ష కూడా చేయించాం. ముఖం మీద అక్కి వచ్చిన వాళ్లందరికీ భయపడాల్సిన పరీక్ష కాదది, తెలుసుకుంటే మంచిదని చేసేది. లేదని వచ్చింది.

వైరస్‌ను అణిచే వాలాసైక్లోవిర్ 1 గ్రాము, రోజుకు మూడుసార్లు, ఏడు రోజులు. పాతకాలపు ఎసైక్లోవిర్ 800 మిల్లీగ్రాములు అయితే రోజుకు ఐదుసార్లు వేసుకోవాలి. పత్తి చేనుకు పోయే మనిషి ఐదుసార్లు వేసుకుంటుందంటే నేను నమ్మను, అందుకే ఖర్చు కాస్త ఎక్కువైనా మొదటిదే. ఈ మందు పొక్కులు మొదలైన 72 గంటల లోపు పడితేనే బాగా పనిచేస్తుంది. ఆమెకు లోపల పొక్కులు కనిపించింది బుధవారం రాత్రి. శుక్రవారం పొద్దునకు ముప్పై ఆరు గంటలు. ఆ లెక్క వేసుకుని ఊపిరి పీల్చుకున్నాను. నీళ్లు బాగా తాగమని, కిడ్నీ జబ్బున్న వాళ్లకు ఇదే డోసు పనికిరాదని, చుట్టాలెవరికైనా ఇలా వస్తే ఈ చీటీ చూపించి మెడికల్ షాపులో కొనొద్దని గట్టిగా చెప్పాను. ఆర్‌ఎంపీ ఇచ్చిన యాంటీబయాటిక్ ఆపించాను, వైరస్ మీద అది పనిచేయదు. ఊళ్లో ఇచ్చే స్టెరాయిడ్ సూది జోలికి పోవద్దన్నాను, ఆ షుగర్‌తో అసలే వద్దు.

నొప్పికి పారాసిటమాల్, రాత్రికి నరాల నొప్పి తగ్గించే గాబాపెంటిన్ 100 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి నాలుగు రోజుల్లో 300కి పెంచాం. తినే ముందు అంగిలికి మొద్దుబార్చే జెల్. దీనితో ఒక జాగ్రత్త: నోరు మొద్దుబారి ఉన్నప్పుడు వేడి తెలియదు, పుండు మీద ఇంకోసారి కాలుతుంది. అందుకే చల్లారినదే తినాలి. ఆల్కహాల్ లేని క్లోర్‌హెక్సిడిన్ రెండు పూటలా పుక్కిలించడం. "ఏం తినాలె సారూ?" అంటే జొన్న గటక పలచగా చేసి మజ్జిగ కలుపుకోమన్నాను, మెత్తటి పెరుగన్నం, చల్లార్చిన పప్పు నీళ్లు. పచ్చిపులుసు నెల రోజులు మరిచిపొమ్మంటే ముఖం చిన్నబోయింది.

జాజు సంగతి. కడిగేయమంటే ఆమెకు మనసొప్పలేదు. నేను కుమ్మరాయనను తిట్టలేదు, తిడితే ఆమె మళ్లీ రాదు. అక్కి ఏ మందూ లేకుండా కూడా మూడు నాలుగు వారాల్లో మానుతుంది, రాసిన వాళ్లకు పేరు వచ్చేది అందుకే. రాయడం వల్ల నష్టం రెండు చోట్ల. పగిలిన పొక్కు మీద మట్టి పడితే చీము పడుతుంది. "రాయించినం కదా" అని ఊరుకుంటే 72 గంటలు దాటిపోతాయి. ఈమె విషయంలో మాత్రం నేను జాజుకు బాకీ ఉన్నాను. అదే లేకపోతే పొక్కులు నోట్లోనే చూసి ఇంకో గంట నా ఇంజెక్షన్ గురించే మథనపడేవాణ్ని. తడి గుడ్డతో మెల్లగా తుడిచి, మళ్లీ రాయొద్దని ఒప్పించాం.

ఇంట్లో కోడలు ఏడో నెల కడుపుతో ఉందని చివర్లో, తలుపు దగ్గర చెప్పాడు కొడుకు. ముందే అడగాల్సింది. ఒకరి అక్కి ఇంకొకరికి అక్కిగా అంటదు. ఆటలమ్మ రాని వాళ్లకు ఆ పొక్కుల నీరు తగిలితే ఆటలమ్మ రావచ్చు, కడుపుతో ఉన్న వాళ్లకు, పసిపిల్లలకు అది మంచిది కాదు. కోడలి తల్లికి అక్కడికక్కడే ఫోన్ చేయించాను. "మూడో తరగతిల పోసింది, బడికి పదొద్దులు పోలే" అంది ఆమె. హమ్మయ్య. అయినా పొక్కులు ఎండేదాకా తువ్వాలు, గ్లాసు, చెంబు వేరు పెట్టమన్నాను.

*

ఏడో రోజుకు చెంప మీద పొక్కులు చెక్కు కట్టాయి. పన్నెండో రోజుకు అంగిలి మూసుకుంది, లేత ఎరుపు మచ్చలు మిగిలాయి. ఫోటో తీసి చూపిస్తే నమ్మలేదు. "పుండు మానింది, నొప్పి ఎందుకు మానలే?" అంది. ఈ కేసులో నన్ను ఎక్కువగా పరీక్ష పెట్టింది ఆ ప్రశ్నే.

నాలుగో వారానికి నొప్పి రూపు మారింది. మంట తగ్గి, కరెంటు షాకులు మొదలయ్యాయి. నాలుక అంగిలికి తగిలితే, చల్లగాలి చెంపకు తగిలితే, పై పెదవి తుడుచుకుంటే. రోజుకు ఇరవై ముప్పైసార్లు. మాట్లాడుతూ మాట్లాడుతూ ఒక్కసారి ఆగిపోయి కళ్లు మూసుకునేది. ఇది కాలిపోయిన నరం మానుతూ పెట్టే గోల. పొక్కులు తగ్గిన మూడు నెలల తర్వాత కూడా ఉంటే దాన్ని అక్కి తర్వాతి నరాల నొప్పి అంటాం. వయసు అరవైకి దగ్గరైన వాళ్లలో, మొదట్లో నొప్పి తీవ్రంగా ఉన్న వాళ్లలో ఇది ఎక్కువ. ఈమెకు రెండూ ఉన్నాయి.

గాబాపెంటిన్ రోజుకు మూడుసార్లు 300 దాకా వెళ్లాం. మొదటి వారం తల తిరిగిందని చెప్పింది, బావి గట్టున, మంచె మీద పని చేయొద్దన్నాను. మూడో నెలలో ఇంకా రాత్రి లేస్తోందంటే ఈసీజీ తీయించి, ఫిజీషియన్ అమిట్రిప్టిలిన్ 10 మిల్లీగ్రాములు రాత్రికి కలిపాడు. నిద్ర పట్టడం మొదలయ్యాక మనిషి తిరుగుముఖం పట్టింది. షుగర్ సగటు 7.6కి వచ్చింది. గోలీలు మరవకుండా మనవరాలు గుర్తు చేస్తోందట.

తెరిచిన పంటికి రూట్ కెనాల్ ఆరో వారంలో పూర్తి చేశాను. పక్క పళ్ల మీద ఓ కన్నేసి ఉంచాను. ఈ నరానికి వచ్చే అక్కిలో అరుదుగా ఆరోగ్యంగా ఉన్న పంటి నరం చచ్చిపోవడం, ఇంకా అరుదుగా దవడ ఎముక దెబ్బతిని పళ్లు వదులు కావడం జరుగుతుంది. ఆరో నెలలో తీసిన ఎక్స్‌రే దాకా అలాంటిదేమీ లేదు.

*

ఈ కేసు తర్వాత కొన్ని వారాలు అంగిలి నొప్పి అని ఎవరొచ్చినా నాకు అక్కిలాగే కనిపించేది. ఒకసారి దెబ్బతిన్న డాక్టరుకు వచ్చే జబ్బు అది. నిజానికి మా కుర్చీలోకి వచ్చే అంగిలి నొప్పుల్లో ఎక్కువ భాగం మామూలువే. వేడి చాయ్, బజ్జీ, బిర్యానీలో ఎముక గుచ్చుకోవడం. ముందు పళ్ల వెనక ముడతల దగ్గర తోలు లేచి వేలాడుతుంది, వారం పది రోజుల్లో దానంతట అదే మానుతుంది, చల్లటి నీళ్లు, ఉప్పునీళ్ల పుక్కిలింత చాలు. అంగిలి మీద ఒక పక్కన మెత్తగా ఉబ్బి, నొక్కితే ప్రాణం పోతుంటే అది చీము. ఎక్కువగా ముందు నుంచి రెండో పంటి నుంచో, మొదటి పెద్ద దవడ పంటి లోపలి వేరు నుంచో వస్తుంది. అక్కడైతే మోటరే విప్పాలి. కట్టుడు పళ్ల సెట్టు రాత్రి కూడా తీయని వాళ్లకు సెట్టు ఎంత మేర ఉందో అంత మేర ఎర్రగా అచ్చు పడుతుంది. అది ఫంగస్, సెట్టు తీసి పడుకోవడమే సగం మందు. కారం తగిలితే అంగిలి భగ్గుమని, నోరు మూడు వేళ్లు కూడా పట్టనంతగా బిగుసుకుపోతుంటే గుట్కా అడగాలి. మంట కొడుతున్నా పైకి ఏమీ కనిపించకపోతే రక్తం తక్కువేమో చూడాలి. ఉత్తరాంధ్ర వైపు కాలే కొస నోట్లో పెట్టుకుని తాగే అడ్డపొగ మా దగ్గర పెద్దగా లేదు కాబట్టి దాని తాలూకు అంగిలి పుళ్లు నేను పుస్తకంలోనే ఎక్కువ చూశాను.

ఒక మాస్టారు నాలుకతో తడుముకుంటూ అంగిలి మధ్యలో గట్టి గడ్డ దొరికిందని, వారం రోజులు నిద్రపోకుండా వచ్చారు. అప్పటికే యూట్యూబ్‌లో క్యాన్సర్ వీడియోలన్నీ చూసేశారు. అది జబ్బు కాదు, ఎముకే కొందరికి అక్కడ కొంచెం ఉబ్బుగా పెరుగుతుంది, ఏమీ చేయక్కర్లేదు. ఆయనకు మందు, అద్దంలో చూపించి నవ్వడమే.

నవ్వలేనివి రెండున్నాయి. నొప్పి లేని పుండు, లేదా గట్టి అంచుల పుండు, రెండు వారాలు దాటినా మానకపోతే ముక్క తీసి పరీక్షకు పంపాల్సిందే. నొప్పి లేదు కదా అని ఊరుకోవడమే అక్కడ ప్రమాదం. రెండోది షుగర్ ఉన్నవాళ్లలో అంగిలి రంగు నల్లబడటం, స్పర్శ పోవడం, ఒక పక్క ముక్కు నుంచి రక్తపు చీమిడి, పళ్లు ఉన్నట్టుండి కదలడం. 2021లో కోవిడ్ తర్వాత బ్లాక్ ఫంగస్ వచ్చినప్పుడు అలాంటివాళ్లను ఇక్కడి నుంచి హైదరాబాద్ కోఠి ఈఎన్‌టీ ఆసుపత్రికి పంపించాం. అప్పుడు గంటలు లెక్క. ఈమెను శుక్రవారం చూసినప్పుడు 286 షుగర్ వినగానే నాకు ముందు ఒళ్లు జలదరించింది దాని గురించే. పుళ్లు పసుపుగా ఉండటం, చెంప మీద పొక్కులు ఉండటం, గీత దగ్గర ఆగటం, ముట్టుకుంటే స్పర్శ ఉండటం చూశాకే కుదుటపడ్డాను.

*

ఆమె చివరిసారి వచ్చింది మే నెలలో, మామిడికాయల రోజుల్లో. గాబాపెంటిన్ మెల్లమెల్లగా తగ్గిస్తూ అంతకు రెండు వారాల ముందే ఆపేశాం. ఎడమ వైపు ఇంకా కాస్త తిమ్మిరిగా ఉందట, షాకులు లేవట. చేతిలో చిన్న డబ్బా. "ఈ ఏడు తొక్కు పెట్టిన సారూ. కొంచెం నాలుకకు రాసుకుని సూసిన. మండింది గానీ, కారం మంటే."

ఇంకో వైపు కూడా వస్తుందా అని అడిగింది. మళ్లీ రావడం తక్కువే కానీ రాదని చెప్పలేను అన్నాను. యాభై దాటినవాళ్లకు దీనికి ఒక టీకా ఉంది, 2023 నుంచి మన దేశంలోనూ దొరుకుతోంది, రెండు నుంచి ఆరు నెలల తేడాతో రెండు డోసులు. ధర చెప్పగానే కొడుకు ముఖం చూసింది. పత్తి డబ్బులు పూర్తిగా చేతికొచ్చాక చూద్దామని ఇద్దరూ అనుకున్నారు. ఫిజీషియన్‌తో మాట్లాడి పెట్టాను.

ఇక మిగిలింది పంటికి క్యాప్. రంగుల కార్డు చూపించి తెల్లటివి రెండు పక్కన పెట్టాను. ఆమె అద్దంలో పక్క పళ్ల గోధుమ చారలు చూసుకుని తల అడ్డంగా ఊపింది. "ఒక్కటే తెల్లగుంటే ఊళ్లె నవ్వుతరు సారూ. పక్కదాని లెక్కనే చెయ్యుమను." ల్యాబ్ కుర్రాడికి ఫోటో పంపి, ఫలానా చోట ఒక గోధుమ గీత, ఇక్కడ ఒక గుంట వేయమని రాశాను. రెండుసార్లు ఫోన్ చేశాడు, డాక్టరు పొరపాటున రాశాడేమోనని.